కారు ఎత్తు తగ్గించుట – ప్రయాణ సుఖము నిలుపుకొనుట

తిరుప్పూరు వీధులలో నేలకు దాదాపుగా ఆనుకొని పోవు సెడాన్ కార్లను మన విద్యార్థులు చూచుచునే యున్నారు. చక్రమునకును దానిపైనున్న రేకు వంపునకును నడుమ వ్రేలు దూరునంత సందైనను ఉండదు. చూపునకు అది ముచ్చటగనే యుండును. అయితే అట్టి కారు పల్లడం మార్గమున ఒక్క స్పీడు బ్రేకరు దాటునప్పుడు వెనుక సీటున కూర్చున్నవారి ముఖములను చూచినచో ఆ ముచ్చటకు చెల్లించిన వెల యెంతయో తెలియును. కారును దించవచ్చునా? దించినను సుఖము చెడకుండ కాపాడుకొనవచ్చునా? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము స్ప్రింగు, లోలకము అను రెండు సామాన్య వస్తువులలోనే యున్నది.

తెలుగు బోధించు మేము ఈ విషయమునకు పూనుకొనుటకు కారణము కలదు. మన విద్యార్థులలో కొందరు పదవ తరగతి ముగిసిన పిదప ఐ.టి.ఐ.లలో చేరుదురు, కొందరు నేరుగా వర్క్‌షాపులలో పనికి కుదురుదురు. ఏదో ఒకనాడు ఒక కారు యజమాని వచ్చి, "స్ప్రింగు ఒక చుట్టు కోసి పెట్టుము" అని అడుగును. ఆనాడు కోయవలెనో కోయరాదో, కోయరాదన్నచో ఏలనో, చెప్పగలుగుటకు చేతి నేర్పు ఒక్కటే చాలదు. లెక్క తెలిసి యుండవలెను. ఆ లెక్కను మన భాషలో ఒకసారి చేసి చూచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

విల్లు బండి మొదలు పందెపు కారు వరకు

మన ప్రాంతమున పూర్వము విల్లు బండ్లు తిరుగుచుండెడివి. ఇరుసునకును బండి పెట్టెకును నడుమ ఉక్కు పట్టీలను విల్లువలె వంచి కూర్చుటచే వానికి ఆ పేరు వచ్చెను. లారీ మెకానిక్కులు నేటికిని "కమాను కట్ట" అనునది అట్టిదే. కమాను అనగా విల్లే. చక్రము గోతిలో పడినను రాతిపై ఎక్కినను ఆ దెబ్బ తిన్నగా మనిషికి తగులక విల్లు వంగుటలో కొంత కరిగిపోవును. కారునందు ఈ పనిని చుట్టల స్ప్రింగు చేయును. ఆ స్ప్రింగు, దానితోడి షాక్ అబ్సార్బరు, చక్రమును దేహముతో కలుపు చేతులు – ఇవన్నియు కలిసినదే సస్పెన్షను.

మోటారు విద్య మన తెలుగు ఇండ్లలోనికి వచ్చి శతాబ్దము దాటినది. కోయంబత్తూరు దాపున కలంగల్ గ్రామమున 1893లో తెలుగు కుటుంబమున జన్మించిన జి. డి. నాయుడుగారు 1920లో పొల్లాచి, పళని ఊళ్ల నడుమ తమ తొలి బస్సును నడపిరి. తరువాతి తరములలో కోయంబత్తూరు పందెపు కార్లకు ప్రసిద్ధి కెక్కెను. అచ్చటి ఎస్. కరివర్ధన్‌గారు మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు పందెపు కార్లను నిర్మింపజేసిరి. ఆయన 1995లో విమాన ప్రమాదమున మరణించిరి. ఆయన పేర 2003లో చెట్టిపాళయమున కరి మోటార్ స్పీడ్‌వే వెలసెను. కోయంబత్తూరునకే చెందిన నారాయణ్ కార్తికేయన్‌గారు 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొనిన తొలి భారతీయుడైరి. కావున ఇచ్చటి యువకులకు నేలకు అంటుకొని పరుగెత్తు కారుపై మక్కువ కలుగుట వింత గాదు.

అయితే పందెపు దారి నున్నగా నుండును. అందు స్పీడు బ్రేకర్లు ఉండవు. కారులో కూర్చుండువాడు ఒక్కడే. కుదుపును ఓర్చుకొనుటకు సిద్ధపడియే వాడు కూర్చుండును. మన ఇంటి కారునకు ఈ మూడును లేవు.

దించుటచే కలుగు లాభ మెంత?

వస్తువు బరువంతయు ఒక్కచోట కూడియున్నట్లు భావింపదగిన బిందువును గరిమనాభి యందురు. కారు మలుపు తిరుగునప్పుడు లోపలి చక్రములపైనున్న బరువులో కొంత భాగము వెలుపలి చక్రములకు మారును. గరిమనాభి ఎంత ఎత్తున నున్నచో అంత ఎక్కువ బరువు మారును. లెక్క సులభము: కారు బరువును, పక్కకు కలుగు త్వరణమును, గరిమనాభి ఎత్తును గుణించి, కుడి ఎడమ చక్రముల నడుమ దూరముచే భాగింపవలెను.

ఉదాహరణకు కారు బరువు 1,100 కిలోగ్రాములు, గరిమనాభి ఎత్తు 550 మిల్లీమీటర్లు, చక్రముల నడుమ దూరము 1,480 మిల్లీమీటర్లు అనుకొందము. మలుపులో పక్క త్వరణము గురుత్వ త్వరణములో 0.4 వంతు అయినచో మారు బరువు 163 కిలోగ్రాములకు కొంచెము మించును. కారును 25 మిల్లీమీటర్లు దించినచో అది సుమారు 156 కిలోగ్రాములగును. లాభము ఏడు కిలోగ్రాములు. అనగా నూటికి అయిదుకన్న తక్కువ. లాభము లేకపోలేదు గాని, అది స్వల్పమని గుర్తుంచుకొనవలెను. నష్టము ఎంతయో ఇక చూతము.

స్ప్రింగు ఊగు లెక్క

స్ప్రింగుపై బరువు పెట్టినకొలది అది క్రుంగును. రెట్టింపు బరువు పెట్టినచో రెట్టింపు క్రుంగును. హుక్ సూత్రమనునది ఇదియే. ముందరి చక్ర మొకదానిపై నిలుచు దేహపు బరువు 300 కిలోగ్రాములనుకొందము. అది 2,940 న్యూటన్ల బలము. స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కుటకు 20 న్యూటన్లు కావలసినచో, ఈ బరువుచే అది 147 మిల్లీమీటర్లు క్రుంగును.

ఇచ్చట ప్రకృతి యొక్క చక్కని పోలిక కానవచ్చును. బరువుచే 147 మిల్లీమీటర్లు క్రుంగిన స్ప్రింగు పైకి క్రిందికి ఊగు వేగమును, 147 మిల్లీమీటర్ల పొడవుగల లోలకము ప్రక్కలకు ఊగు వేగమును ఒక్కటే. అంత పొడవు దారమునకు ఒక చిన్న రాతిని కట్టి ఊపి చూడుడు. పది సెకనులలో పదమూడు మారులు ఊగును. అనగా దాని పౌనఃపున్యము సెకనునకు 1.3. దారమును కురచ చేసినచో ఊగుట త్వరపడునట్లే, స్ప్రింగును గట్టి చేసినచో కారు ఊగుటయు త్వరపడును.

మనిషి నడచునప్పుడు సెకనునకు ఒకటి రెండు అడుగులు పడును. కావున సెకనునకు ఒకటి మొదలు ఒకటిన్నర వరకుగల ఊగుట దేహమునకు అలవాటైనదే. ఇంటి కార్లకు ఇంజనీర్లు సాధారణముగా ఏర్పరచు హద్దు గూడ ఇదియే. రెండు దాటినకొలది కుదుపు తెలియును. సెకనునకు నాలుగు మొదలు ఎనిమిది వరకుగల కంపనము కూర్చున్నవాని వెన్నునకును ఉదరమునకును మిక్కిలి బాధ కలిగించును.

సుఖ మనగా జాగా

చక్రము మిట్టపై ఎక్కినప్పుడు అది దేహమువైపు పైకి కదలవలెను. ఆ కదలికకు ఒక హద్దు కలదు. హద్దున రబ్బరు స్టాపరు ఉండును. మన ఉదాహరణలో ఆ జాగా 70 మిల్లీమీటర్లు అనుకొందము. ఆ దూరములో స్ప్రింగు మ్రింగగల శక్తి, దాని గట్టిదనమును జాగా యొక్క వర్గముచే గుణించి సగము చేసినంత. లెక్కించినచో 49 జౌళ్లు.

కారును 30 మిల్లీమీటర్లు దించినచో జాగా 40 మిల్లీమీటర్లే మిగులును. రోడ్డు మాత్రము మారలేదు. మిట్టలును గోతులును మునుపటివే. ఆ 49 జౌళ్లను 40 మిల్లీమీటర్లలోనే మ్రింగవలెనన్నచో స్ప్రింగు గట్టిదనము మూడు రెట్లు కావలెను. మిల్లీమీటరునకు 20 న్యూటన్లకు బదులు 61 న్యూటన్లు. అప్పుడు ఊగుట సెకనునకు 1.3 నుండి 2.27కు పెరుగును. పదిహేను మిల్లీమీటర్లు మాత్రమే దించినచో 1.65తో సరిపోవును. సూత్రముగా చెప్పవలెనన్న, జాగా ఏ నిష్పత్తిలో తగ్గునో పౌనఃపున్యము ఆ నిష్పత్తిలోనే పెరుగవలెను.

మేము చెప్పదలచిన ముఖ్య విషయ మిదియే. ప్రయాణ సుఖమనునది చక్రము కదలుటకుగల జాగాయే. ఎత్తు తగ్గించిన ప్రతి మిల్లీమీటరును ఆ జాగానుండియే తీసికొనబడును. తీసికొనినదానికి బదులు వేరొకచోట ఈయనిచో కూర్చున్నవారి వెన్ను ఆ వెల చెల్లించును.

చుట్టు కోయుటలోని దోషము

ఆరు చుట్టుల స్ప్రింగులో ఒక చుట్టు కోసినచో ఏమగునో చూతము. చుట్టులు తగ్గినకొలది స్ప్రింగు గట్టిపడును; ఆరు అయిదైనచో గట్టిదనము 20 నుండి 24 న్యూటన్లగును. చుట్టునకు 55 మిల్లీమీటర్ల పొడవు పోయినను, గట్టిపడిన స్ప్రింగు 147కు బదులు 122 మిల్లీమీటర్లే క్రుంగును. కారు నికరముగా దిగునది 30 మిల్లీమీటర్లు. యజమాని సంతోషించును. గాని 30 మిల్లీమీటర్లు దిగినచో 61 న్యూటన్ల గట్టిదనము కావలెనని పైన చూచితిమి. ఉన్నది 24 మాత్రమే. కావున ప్రతి పెద్ద మిట్టకును స్ప్రింగు చివరవరకు నొక్కుకొని, దేహము స్టాపరుపై మోదుకొనును. లోపలివారికి సుత్తిదెబ్బవలె తోచునది ఈ మోదుటయే.

అంతటితో తీరదు. కోసిన కొన స్ప్రింగు పీటలో సరిగా కూర్చుండదు. రెండు చుట్టులు కోసినచో, చక్రము గోతిలోనికి వ్రేలాడినప్పుడు స్ప్రింగు వదులై పీటనుండి జారు ప్రమాదము గూడ కలదు. గ్యాసు మంటతో కాల్చి స్ప్రింగును క్రుంగించుట మరింత చెడ్డది. స్ప్రింగు ఉక్కు తన గుణమును కాచి చల్లార్చిన పదునువలన పొందినది. ఎఱ్ఱగా కాల్చినచో ఆ పదును పోవును. కాలినచోట అది మెత్తబడి కొన్నాళ్లకు మరింత క్రుంగును, లేదా విరుగును.

షాక్ అబ్సార్బరు పని

స్ప్రింగు శక్తిని మ్రింగునే గాని జీర్ణించుకొనదు; తిరిగి ఇచ్చివేయును. షాక్ అబ్సార్బరు లేని కారు ఒక్క మిట్ట దాటి పలుమారు ఊగుచుండును. షాక్ లోపలి నూనె సన్నని రంధ్రములగుండ పోవుటలో ఆ శక్తి వేడిగా మారి పోవును. స్ప్రింగు గట్టిపడినచో షాక్ కూడ గట్టిపడవలెను. స్ప్రింగు నూటికి ఇరువది గట్టిపడి షాక్ పాతదే యున్నచో, ఊగుటను అణచు దాని సామర్థ్యము నూటికి తొమ్మిది పాళ్లు తగ్గినట్లగును. ఇదిగాక, కారు దిగినందున షాక్ లోపలి పిస్టను నడుమ నుండవలసినది ఒక కొనకు జరుగును. దాని ఆయువు తగ్గును.

ముందు వెనుకల పొందిక గూడ కలదు. ముందరి చక్రములు మొదట మిట్ట నెక్కును; వెనుకటివి కొంత ఆలస్యముగా ఎక్కును. చక్రముల నడుమ 2.6 మీటర్లున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు ఆ ఆలస్యము సెకనులో ఆరవ వంతు. వెనుక ఊగుట ముందరిదానికన్న కొంచెము త్వరగా నున్నచో అది ముందరిదానిని అందుకొనును. కారు ముక్కు తోక ఎగురవేయక సమముగా ఊగును. రోల్స్ రాయిస్ సంస్థనుండి అమెరికా వెళ్లిన మారిస్ ఓలీ అను ఇంజనీరు 1930ల నాటికే దీనిని బోధించెను. వెనుక స్ప్రింగుల తలంపు లేక ముందువి మాత్రమే కోసినచో ఈ పొందిక చెడును.

సరియైన పద్ధతి

ఎత్తు తక్కువయు, మెత్తదనము ఎక్కువయు ఒక్కచోట కూర్చవచ్చునని 1955లో ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ డి.ఎస్. కారు చూపెను. దానికి ఉక్కు స్ప్రింగులకు బదులు వాయువును, నూనెను వాడిరి. వాయువు మొదట మెత్తగా నుండి, నొక్కినకొలది గట్టిపడును. ఎందరు ఎక్కినను కారు ఎత్తు మారకుండ ఒక సాధనము నూనెను నింపుచుండును. ఉక్కు స్ప్రింగు గల మన కార్లకును ఇందలి పాఠము పనికివచ్చును: మొదట మెత్తగను, చివర క్రమముగా గట్టిగను ఉండవలెను.

దించియే తీరవలెనన్నవారు ఈ క్రమమును పాటింపవలెను.

మొదటిది, కొలత. మన రోడ్లకు 15 మిల్లీమీటర్లు, మించినచో 20. అంతకు పైబడి పోరాదు.

రెండవది, స్ప్రింగు. ఆ కారు కొరకే తయారైన, నూటికి ఇరువది అయిదు మించి గట్టిపడని స్ప్రింగులను నాలుగు చక్రములకును వేయవలెను. 25 న్యూటన్ల స్ప్రింగు 55 మిల్లీమీటర్ల జాగాలో 38 జౌళ్లు మ్రింగును. ఊగుట సెకనునకు 1.45. అది సుఖపు హద్దులోనే యున్నది. మిగిలిన 11 జౌళ్లను మరియొకరు మోయవలెను.

మూడవది, స్టాపరు. గట్టి రబ్బరునకు బదులు, మెత్తగా మొదలై క్రమముగా బిగియు నురుగు పాలియురిథేన్ స్టాపరు వేసినచో ఆ మిగిలిన శక్తిలో పెద్ద భాగమును అది మోదుట లేకుండ మ్రింగును.

నాలుగవది, షాక్. క్రొత్త ఎత్తునకు తగిన పొడవును, క్రొత్త స్ప్రింగునకు తగిన బిగువును గల షాక్‌లను స్ప్రింగులతోపాటే మార్చవలెను.

అయిదవది, టైరు. టైరు గోడయును ఒక స్ప్రింగే. 185/65 ఆర్ 15 టైరు గోడ 120 మిల్లీమీటర్లు. అందము కొరకు 195/50 ఆర్ 16 వేసినచో అది 97 అగును. కారు దిగునది 10 మిల్లీమీటర్లే గాని, పోవు మెత్తదనము 23 మిల్లీమీటర్ల గోడ. సుఖము కోరువారు పాత టైరు కొలతనే నిలుపుకొనవలెను.

ఆరవది, సరిచూచుట. కారు దిగినప్పుడు చక్రముల వాలు మారును. అలైన్‌మెంటు చేయింపనిచో టైరు లోపలి అంచు అరిగిపోవును. హెడ్‌లైట్ల దిశను గూడ సరిచేయవలెను. చక్రమును పట్టు క్రింది చేయి చక్రమువైపు పైకి వాలునంతగా దించినచో, కారు ప్రక్కకు ఒరుగు ఇరుసుబిందువు గరిమనాభికన్న త్వరగా దిగిపోవును. అప్పుడు మలుపులో కారు తక్కువగా గాక ఎక్కువగా ఒరుగవచ్చును. దించుటకు హద్దు పెట్టవలెననుటకు ఇది మరియొక హేతువు.

స్పీడు బ్రేకరు పరీక్ష

మన దేశమున నడచు సెడాన్ కార్లు పెక్కింటికి, ఖాళీగా నున్నప్పుడు నేలకును అడుగునకును నడుమ 165 మిల్లీమీటర్ల ప్రాంతమున సందుండును. అయిదుగురును వారి సామానును కలిసి 400 కిలోగ్రాములనుకొందము. నాలుగు స్ప్రింగులును కలిసి మిల్లీమీటరునకు 100 న్యూటన్లు మోయునవైనచో కారు 39 మిల్లీమీటర్లు క్రుంగును. చుట్టు కోసి 30 దించిన కారునకు మిగులు సందు 96 మిల్లీమీటర్లు. 15 మాత్రమే దించి పద్ధతిగా చేసిన కారునకు 111.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణము ప్రకారము స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తున, మెల్లగా వంపు తిరిగి యుండవలెను. అట్టిదానిపై 2.6 మీటర్ల నడుమదూరము గల కారు నిలిచినప్పుడు నాలుగు చక్రములును వంపుమీదనే యుండును. కావున సందులో తగ్గునది 5 సెంటీమీటర్లే. రెండు కార్లును దాటును. గాని వీధులలో ఇంటివారు సిమెంటుతో పోసికొను కురచ దిమ్మపై చక్రములు ముందు వెనుకల దిగిపోవును. దాని ఎత్తంతయు కారు కడుపునకు తగులును. దిమ్మ 10 సెంటీమీటర్లున్నచో 96 మిల్లీమీటర్ల కారు దానిని ఒరయును. 111 మిల్లీమీటర్ల కారు మెల్లగా దాటును. ఆ 15 మిల్లీమీటర్ల భేదము ఇంజనునూనె తొట్టిని కాచును.

చట్టము మాట

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్ణయించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా నిలిపెను. అదే సంవత్సరము చట్టమునకు చేసిన సవరణ ప్రకారము అనుమతి లేని మార్పునకు యజమానికి ఆరు నెలలవరకు కారాగారమో, మార్పు ఒక్కింటికి అయిదు వేల రూపాయల జరిమానాయో, రెండునో విధింపవచ్చును. కావున పనికి పూనుకొనుటకు ముందే రవాణా కార్యాలయమునను, బీమా సంస్థయందును విచారించి, జవాబును వ్రాతమూలముగా పొందుట మేలు.

ముగింపు

విద్యార్థులారా, స్టీరింగు పట్టినవాడు మిట్టను ముందుగా చూచును, దేహమును సిద్ధపరచుకొనును. వెనుక సీటున కూర్చున్న అవ్వకు ఆ అవకాశము లేదు. ఒడిలో బిడ్డను పెట్టుకొన్న తల్లికిని లేదు. కారు ఎంత దించవలెనో నిర్ణయించునప్పుడు వారిని అడుగువారు ఉండరు. కావున వారి పక్షమున అడుగవలసినవాడు మెకానిక్కే. రేపు మీ ఎదుట ఒక యజమాని నిలిచి చుట్టు కోయుమన్నచో, "కోయనండీ, జాగా ఎంత మిగులునో ముందు లెక్క చూతము" అని మర్యాదగా చెప్పుడు. ఒక దారమును, ఒక రాతిని చూపినను లెక్క అతనికి అర్థమగును.

అభ్యాసము

1. జాగా 70 మిల్లీమీటర్లు, పౌనఃపున్యము 1.3 గల కారును 25 మిల్లీమీటర్లు దించినచో, అదే శక్తిని మ్రింగుటకు పౌనఃపున్యము ఎంత కావలెను?

2. 100 మిల్లీమీటర్లు, 147 మిల్లీమీటర్లు, 250 మిల్లీమీటర్లు పొడవుగల మూడు లోలకములను కట్టి, పది సెకనులలో ఒక్కొక్కటి ఎన్ని మారులు ఊగునో లెక్కించి వ్రాయుడు. వానిలో ఏది మెత్తని స్ప్రింగునకు పోలిక?

3. మీ వీధిలోని స్పీడు బ్రేకరు వెడల్పును, ఎత్తును పెద్దల తోడుండగా కొలిచి, ప్రమాణముతో సరిపోల్చుడు.

4. చుట్టు కోసిన స్ప్రింగు గట్టిపడినను కారు స్టాపరుపై మోదుకొనుటకు కారణము మీ మాటలలో వివరింపుడు.